బంగాళాదుంప తెగులు ఏ పాఠం కిందికి వస్తుంది?

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. ఆ తరువాతి కొన్నేళ్లలో ఆకలి, అంటురోగాలు కలిసి సుమారు 10 లక్షల మందిని బలిగొన్నాయి. దాదాపు మరో అంతమంది దేశం విడిచి వెళ్లిపోయారు. 1841లో 81 లక్షలకు పైగా ఉన్న జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. చరిత్ర పాఠం చాలాసార్లు ఈ అంకెలతోనే ముగుస్తుంది. వాటిని విన్న పిల్లల మనసులో పుట్టే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఒక్క పంట పోతే ఇంతమంది ఎందుకు చనిపోవాలి?

ఈ ప్రశ్న వెంట నడిస్తే మనం పీరియడ్ల మధ్య గీసుకున్న గీతలు నిలవవు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పుట్టిన ఈ పంట, చల్లగా తేమగా ఉండే ఐర్లండ్‌లో చిన్న నేల చెక్కతోనే ఒక కుటుంబం కడుపు నింపగలిగిందని, ఆ చల్లదనమూ తేమే తెగులుకూ కలిసివచ్చాయని భూగోళం చెబుతుంది. బంగాళాదుంపను సాధారణంగా దుంపతోనే నాటుతారు కనుక ఒక రకానికి చెందిన మొక్కలన్నీ జన్యుపరంగా ఒకటే. పేదలు నమ్ముకున్న ‘లంపర్’ రకానికి ఈ తెగులును తట్టుకునే శక్తి లేకపోవడంతో ఒక మొక్కకు పట్టిన గతే పొలమంతటికీ పట్టింది. పైగా, తెగులుకు మూలం ఒక సూక్ష్మజీవి అని జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆంటన్ డి బారీ నిరూపించింది 1861లో. నాటి రైతుకూ పాలకుడికీ ఏమి తెలుసో, ఏమి తెలియదో విద్యార్థి ముందుగా గ్రహించాలి. లేకుంటే అతడి తీర్పు న్యాయంగా ఉండదు.

‘నీరు’ వంటి అంశం తీసుకుని ఒక్కో సబ్జెక్టు తలా ఒక పేజీ రాసి కుట్టడాన్ని నేను సబ్జెక్టుల అనుసంధానంగా భావించను. చరిత్ర పత్రాలను పరీక్షించే తీరు వేరు, విజ్ఞానశాస్త్రం ప్రయోగంతో తేల్చే తీరు వేరు. ఆ తేడాను చెరిపేస్తే రెండూ పలచబడతాయి. సైన్సు ఉపాధ్యాయుడు, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు పాఠానికి ముందే కూర్చుని, ఎవరి వద్ద ప్రశ్న ఆగిపోతుందో, అక్కడి నుంచి ఎవరు అందుకోవాలో నిర్ణయించుకుంటే చాలు.

తెగులు పంటను మాత్రమే చంపింది. కరువు కాలంలోనూ ఐర్లండ్ నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. 1847 వేసవిలో ప్రభుత్వ గంజికేంద్రాలు ఒక దశలో రోజుకు సుమారు 30 లక్షల మందికి తిండి పెట్టాయి. కొద్ది నెలల్లోనే వాటిని మూసివేశారు. మూసినవారు ఏ వాదన వినిపించారు, ఆ నిర్ణయంలో ఆకలిగొన్నవారి మాటకు చోటుందా, ధాన్యాన్ని ఓడరేవుల్లో ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? పౌరశాస్త్రం పీరియడ్‌ను ఈ ప్రశ్నలతో మొదలుపెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను.