బిళ్ళ ఇచ్చే ముందు: అల్జీమర్స్ రోగుల మందులు, శుశ్రూష

సభలోని పెద్దలకు, నర్సింగ్ విద్యార్థినీ విద్యార్థులకు, ఇంట్లో ఉన్న రోగిని ఈ ఒక్క పూటకు ఎవరికో అప్పజెప్పి వచ్చిన కుటుంబ సభ్యులకు నమస్కారం. అల్జీమర్స్ రోగులకు వాడే మందుల గురించి, చేయవలసిన శుశ్రూష గురించి మాట్లాడమన్నారు. తరగతిలో ఈ రెంటినీ వేర్వేరు పాఠాలుగా చెబుతాము. ఈ రోజు కలిపే చెబుతాను. తనకేమవుతోందో చెప్పుకోలేని మనిషికి మందు మేలు చేస్తోందో కీడు చేస్తోందో కనిపెట్టవలసినది పక్కనున్న మనమే కనుక, ఇక్కడ మందు ఇవ్వడం కూడా శుశ్రూషలో భాగమే.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె అనే 51 ఏళ్ళ స్త్రీని తీసుకువచ్చారు. ఆమెను పరీక్షించిన డాక్టర్ అలోయిస్ అల్జీమర్, 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద చూసి, కణాల మధ్య పేరుకున్న మచ్చలను, కణాల లోపల చిక్కుపడిన పోగులను వర్ణించాడు. వాటినే నేడు అమిలాయిడ్, టావ్ అనే ప్రోటీన్లుగా గుర్తిస్తున్నాము. ఇవి చాలా వరకు ముందుగా దెబ్బతీసేది కొత్త జ్ఞాపకాలను దాచుకునే భాగాన్ని. అందుకే పొద్దున్న తిన్న ఉప్మా గుర్తులేని మనిషి తన పెళ్ళినాటి ముచ్చట్లు పూసగుచ్చినట్లు చెబుతారు, ఇంట్లోవాళ్ళేమో 'అన్నీ గుర్తున్నాయి, కావాలనే చేస్తున్నారు' అనుకుంటారు. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, ఏదో ఒక రకం డిమెన్షియా, అంటే మతిని క్రమంగా చెరిపేసే జబ్బు, ఉన్నదని 2023లో వెలువడిన అంచనా. అందులో ఎక్కువ పాలు అల్జీమర్స్‌దే. మన ఇళ్ళలో దానికి చాదస్తం అని పేరు పెట్టి, వీధి మరిచిపోయి తప్పిపోయిన రోజున గాని ఆసుపత్రికి తీసుకురారు.

హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడినట్లు తేలింది. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. నర్సుకు ఇందులో పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. జబ్బు ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాషలు ముందు జారిపోయి, చిన్నప్పటి భాష మిగలడం తరచుగా చూస్తాము. బ్యాంకులో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషులో వ్యవహరించిన మనిషి అయినా సరే, ఆయనతో ఇంట్లో మాట్లాడిన భాషలోనే, ఒకసారికి ఒక్క మాటే చెప్పాలి. పిల్లల దగ్గర ఉండడానికి అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల విషయంలో ఈ మాట మరీ ముఖ్యం.

ఇక మందులు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తరిగిపోతుంది కనుక, ఉన్న కాస్తా విరిగిపోకుండా కాపాడే మందులు మూడు: డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమైన్. ఇవి జబ్బును నయం చేయవు. కొందరిలో, కొంతకాలం, రోజువారీ పనులు చేసుకునే శక్తిని నిలబెడతాయి. ఈ మాట మొదటి రోజే ఇంటివారికి చెప్పకపోతే, రెండు నెలలకు 'గుణం లేదు' అని వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు. డోనెపెజిల్ మామూలుగా 5 మిల్లీగ్రాములతో రాత్రిపూట మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల తరువాత తట్టుకుంటే 10కి పెంచుతారు. వికారం, విరేచనాలు, ఆకలి తగ్గడం మొదటి వారాలలో సహజం. అందుకని నెలకొకసారి బరువు చూడాలి. పీడకలలతో ఉలిక్కిపడి లేస్తుంటే డాక్టరుతో చెప్పి పొద్దుటికి మార్పించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం నాడి. ఈ మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి ముందే వాడుతున్న రోగిలో అది మరీ తగ్గిపోయి, బాత్రూములో కళ్ళు తిరిగి పడిపోతారు, తుంటి విరుగుతుంది, మనమేమో కాలు జారిందని రాస్తాము. నాడి నిమిషానికి 60 కన్నా తగ్గినా, లేచినప్పుడు తూలుతున్నా బిళ్ళ ఇచ్చే ముందే డాక్టరుకు తెలియజేయాలి.

రివాస్టిగ్మిన్‌కు చర్మం మీద అంటించే పట్టీ కూడా ఉంది. పాతది తీయకుండా కొత్తది అంటించడం ప్రాణానికే ముప్పు. అలా రెండు మూడు పట్టీలు ఒంటి మీద ఉండిపోయి మోతాదు మించిన సందర్భాలు నమోదై ఉన్నాయి. రోగి చేయి అందని వీపు పైభాగాన అంటించి, తేదీ రాసి, ఒకే చోట మళ్ళీ పద్నాలుగు రోజుల వరకు వేయకూడదు. ఊరికి వెళ్ళో, స్టాకు అయిపోయో మూడు రోజులకు మించి మానేసినట్లయితే పాత మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టరాదు. డాక్టరును అడిగి అతి తక్కువ మోతాదు నుంచి రావాలి, లేకపోతే వాంతులు పట్టుకుంటాయి. జబ్బు మధ్యదశకు చేరాక ఇచ్చే మెమాంటిన్ వేరే మార్గాన పనిచేస్తుంది. దానిని వారానికి 5 మిల్లీగ్రాముల చొప్పున 20 దాకా పెంచుతారు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి సగమే. లెకానెమాబ్, డొనానెమాబ్ అనే కొత్త ఇంజెక్షన్ల గురించి వార్తలు చదివి చాలామంది అడుగుతున్నారు. అవి తొలిదశకు మాత్రమే. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉండడం చేత పదేపదే ఎమ్మారై తీయవలసి ఉంటుంది. మంచం పట్టిన రోగికి అవి పనికిరావు.

ఇచ్చే మందులకన్నా ఇవ్వకూడని మందుల దగ్గరే నర్సు కన్ను ఎక్కువగా ఉండాలని నా అభిప్రాయం. జలుబు చేసిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చే బిళ్ళల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమైన్ ఉంటుంది. అది మనం కాపాడుతున్న ఎసిటైల్‌కోలిన్‌నే అడ్డుకుంటుంది. నిద్రకో నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, మూత్రం ఆగక ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ కూడా అంతే. డోనెపెజిల్ వల్లనే మూత్రం ఆగకపోవచ్చు, దానికి ఆక్సీబ్యుటినిన్ రాస్తారు, దానితో మతి మరింత చెదురుతుంది, దానికి ఇంకొక బిళ్ళ వస్తుంది. అందుచేత చీటీ చూస్తే చాలదు. ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ ఒక సంచిలో వేసి తెమ్మని చెప్పండి. నలుగురు డాక్టర్ల బిళ్ళలు, ఎదురింటివారు ఇచ్చినవి, గడువు తీరినవి అన్నీ అందులోంచి బయటపడతాయి.

ఒక మామ్మగారి సంగతి చెబుతాను. ఎనభై దాటినవారు, మాట దాదాపు పోయింది. రాత్రి పదకొండయ్యేసరికి కేకలు, దుప్పటి లాగేయడం, పట్టుకున్న చేతిని గీరడం. మూడు రాత్రులు నిద్రమందు ఇచ్చాము. ఇచ్చినవారిలో నేనూ ఉన్నాను. నాలుగో రోజు ఒళ్ళు తుడుస్తూ పొట్ట మీద చేయి వేస్తే రాయిలా ఉంది. విచారిస్తే ఆరు రోజులుగా విరేచనం లేదు. కోడలు ఆయా చూసిందనుకుంది, ఆయా కోడలు చూసిందనుకుంది. ఎనిమా ఇచ్చిన రాత్రి ఆమె తెల్లవారేదాకా కదలకుండా నిద్రపోయారు. అప్పటినుంచి నా వార్డులో మతిమరుపు రోగి ఉన్నట్టుండి గొడవ చేస్తే, మందు అడగడానికి ముందు పొట్ట, మూత్రం, జ్వరం, పంటినొప్పి, పడక పుండ్లు, నిన్న కొత్తగా చేర్చిన బిళ్ళ చూడమనేదాన్ని. ముఖం ముడుచుకోవడం, కదిపితే మూలగడం, ఒక పక్కనే వాలి ఉండడం కూడా నొప్పిని చెప్పే మాటలే.

అలజడిని అణచడానికి ఇచ్చే రిస్పెరిడోన్, క్విటియాపిన్ వంటి మానసిక రోగాల మందులు అసలు వాడరాదని నేను అనను. తనకో ఇతరులకో హాని జరిగేటట్లుంటే, డాక్టరు అతి తక్కువ మోతాదులో కొద్దికాలానికి రాస్తారు. అయితే డిమెన్షియా ఉన్న వృద్ధులలో ఈ తరగతి మందులు మరణ ప్రమాదాన్ని 1.6 నుంచి 1.7 రెట్లు పెంచుతున్నట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. మొదలుపెట్టిన తేదీతో పాటు ఎప్పుడు ఆపడానికి ప్రయత్నిస్తారో కూడా కేసుషీటులో రాయించుకోవాలి.

సాయంత్రపు అలజడికి చాలాసార్లు మందు అక్కరలేదు. గోదావరి డెల్టా రైతు ఒకాయన దీపాలు పెట్టే వేళకు పంచె ఎగగట్టి 'చేనుకు నీళ్ళు పెట్టాలి' అని గుమ్మం దాటబోయేవారు. పొలం అమ్మి పదేళ్ళయిందని కొడుకు చెప్పినప్పుడల్లా, ఆ కబురు అప్పుడే విన్నట్లు ఏడ్చేవారు. కోడలు ఒకనాడు 'మావయ్యా, ఇవాళ వంతు పై చేలవాళ్ళదంట, మనది రేపంట' అంది. 'అట్టాగా' అని అరుగు మీద కూర్చున్నారు. దీనిని అబద్ధమనేవారు ఉన్నారు. ఆయన ఆందోళనకు జవాబు ఇచ్చిందని నేనంటాను. చీకటి పడకముందే లైట్లు వేయడం, పగటి నిద్ర తగ్గించడం, మధ్యాహ్నం తరువాత కాఫీ మానడం కూడా పనిచేస్తాయి. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు కట్టేయడం, పేరు, ఫోను నంబరు ఉన్న కార్డు జేబులో పెట్టడం మరవకండి.

చూసుకునేవారి సంగతి కూడా ఒక మాట. చాలా ఇళ్ళలో ఆ భారమంతా ఒకే ఆడమనిషి మీద పడుతుంది. ఆమెకు నిద్ర ఉందో లేదో అడగడం మన డ్యూటీలోదే. పెద్దల సహాయానికి జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది, రాసుకోండి.

మిగిలింది అన్నం తినిపించడం. చివరిదశలో పొలమారి ఊపిరితిత్తులలోకి పోయిన మెతుకే న్యుమోనియా తెస్తుంది. పడుకోబెట్టి పోయకూడదు, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాక ఇంకొకటి ఇవ్వాలి. పలుచని నీళ్ళకన్నా చిక్కని జావ సులువుగా దిగుతుంది. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచి, బుగ్గలో బిళ్ళ దాచుకున్నారేమో వేలితో కాకుండా టార్చితో చూడాలి. నెమ్మదిగా విడుదలయ్యే బిళ్ళలను పొడి చేసి కలపరాదు. ఇది మాటలతో చెబితే వచ్చే పని కాదు. రాగిజావ గిన్నె, చెంచా, కుర్చీ తెప్పించి ఇక్కడ పెట్టాను. ముందు వరుసలోంచి ఇద్దరు రండి, ఒకరు రోగిగా కూర్చోండి, ఒకరు తినిపించండి. రోగిగా కూర్చున్నవారు మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.