మాంసం మానేస్తే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందా?

అందరికీ నమస్కారం.

మాంసం తింటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుందని, దాని బదులు ప్లాంట్ మీట్ (మొక్కల ప్రోటీన్‌తో మాంసంలా తయారుచేసి ప్యాకెట్లలో అమ్మేది) తింటే తగ్గిపోతుందని ఈమధ్య చాలామంది గట్టిగా చెబుతున్నారు. ఇంకోవైపు, ఆ ప్యాకెట్ తిండంతా కెమికల్సే, దానికంటే అసలు మాంసమే నయం అనేవాళ్లూ అంత గట్టిగానే ఉన్నారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. మాంసం మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు తేలదు. ఏ మాంసం, ఎంత, అది తీసేసిన చోట కంచంలో ఏం పెడుతున్నాం అని అడగాలి. ముఖ్యంగా ఆ చివరి ప్రశ్న.

ముందు ఇన్‌ఫ్లమేషన్ సంగతి. చెయ్యి తెగితే అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. అది మన రోగనిరోధక వ్యవస్థ చేసే పని, అది లేకపోతే చిన్న గాయానికే ప్రాణం మీదికి వస్తుంది. గాయం మానగానే అదీ తగ్గిపోవాలి. అలా తగ్గకుండా, పైకి ఏమీ తెలియనంత తక్కువ స్థాయిలో ఏళ్ల తరబడి లోపల నడుస్తూనే ఉంటేనే ఇబ్బంది, ఎందుకంటే రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకోవడానికీ, టైప్ 2 డయాబెటిస్‌కీ దానితో సంబంధం ఉంది.

దీన్ని అంచనా వెయ్యడానికి డాక్టర్లు ఎక్కువగా రాయించే రక్తపరీక్ష సీఆర్‌పీ, అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో న్యుమోనియా రోగుల రక్తాన్ని పరిశీలిస్తుంటే ఈ పదార్థం బయటపడింది. ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం అందగానే దీన్ని లివర్ తయారుచేస్తుంది. గుండె జబ్బు ముప్పు చూడటానికి హై సెన్సిటివిటీ పరీక్ష చేస్తారు: లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. అయితే జలుబు చేసినా, పంటికి చీము పట్టినా ఈ అంకె ఎగబాకుతుంది, కాబట్టి ఒక్కసారి రిపోర్టు చూసి నిన్న తిన్న కూరని తిట్టుకోవద్దు.

ఇక మాంసం. కొవ్వు బాగా ఉన్న భోజనం చేశాక కొన్ని గంటలపాటు రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు, అంటే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి, కాస్త పెరగడం మామూలే. ఆస్ట్రేలియాలో 2010లో వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. ఆరోగ్యంగా ఉన్న పదిమందికి ఒకసారి కంగారూ మాంసం, ఇంకోసారి కొవ్వు దట్టంగా పట్టిన వాగ్యూ గొడ్డుమాంసం పెట్టి, తిన్న తర్వాత రక్తం పరీక్షించారు. రెండూ ఎర్రమాంసమే, అయినా వాగ్యూ తిన్నాక పెరిగినంతగా కంగారూ తిన్నాక ఆ గుర్తులు పెరగలేదు. పదిమందితో చేసింది కాబట్టి దీన్నే పట్టుకుని తీర్పు చెప్పేయలేం, కానీ మాంసం అనే ఒక్క మాట కింద అన్నిటినీ కలిపేయకూడదని మాత్రం ఇది గట్టిగా గుర్తుచేస్తుంది.

పేగుల దారి ఇంకోటుంది. ఎర్రమాంసంలో కార్నిటిన్ అనే పదార్థం ఎక్కువ. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని టీఎంఏ అనే పదార్థంగా మారిస్తే, అది లివర్‌కి చేరి టీఎంఏఓ అనే ఇంకో పదార్థం అవుతుంది. ఈ టీఎంఏఓకి గుండె జబ్బుతో ఉన్న సంబంధాన్ని 2011లో, 2013లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌కి చెందిన స్టాన్లీ హేజెన్ బృందం బయటపెట్టింది. ఇక్కడ నన్ను ఆకట్టుకున్న విషయం ఏంటంటే, చాలాకాలంగా మాంసం ముట్టని మనిషికి కార్నిటిన్ ఇచ్చినా టీఎంఏఓ పెద్దగా తయారవదు. రోజూ ఏం తింటున్నామో దాన్నిబట్టి మన లోపలి బ్యాక్టీరియా కూడా మారుతుందన్నమాట.

సాసేజ్, బేకన్, హామ్ లాంటి ప్రాసెస్డ్ మాంసం విషయంలో మాత్రం నేను నాన్చి మాట్లాడను. ఉప్పు, నైట్రైట్లు వేసి నిలవ ఉంచిన ఈ మాంసం పెద్దపేగు క్యాన్సర్ తెప్పిస్తుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి, దాన్ని మొదటి గ్రూపులో, అంటే క్యాన్సర్ కారకమని రుజువైన వాటిలో, పెట్టింది. రోజుకి 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది. అంటే వందలో 18 మందికి క్యాన్సర్ వస్తుందని కాదు, మామూలుగా ఉండే ముప్పు మీద 18 శాతం ఎక్కువని. మామూలు ఎర్రమాంసాన్ని అంతకంటే ఒక మెట్టు కింద, బహుశా కారకం కావచ్చు అన్న గ్రూపులో పెట్టింది. ఇది క్యాన్సర్ లెక్క, ఇన్‌ఫ్లమేషన్ లెక్క కాదు. కానీ ఈ రకం మాంసం తగ్గించుకోమని చెప్పడానికి నాకు అది చాలు.

మరి కొవ్వు తక్కువున్న మామూలు ఎర్రమాంసం? ఆస్ట్రేలియాలోనే 2007లో వచ్చిన ఇంకో పరిశోధనలో 60 మందిని తీసుకుని, సగం మందికి పిండిపదార్థాలు కొంత తగ్గించి ఆ మేరకు కొవ్వులేని ఎర్రమాంసం పెంచారు. 8 వారాల తర్వాత చూస్తే వాళ్లలో ఇన్‌ఫ్లమేషన్ పెరగలేదు. మరి ఎర్రమాంసం ఎక్కువ తినేవాళ్లలో సీఆర్‌పీ ఎక్కువని పెద్ద సర్వేలు చెబుతాయి కదా అంటారు. నిజమే. కానీ అమెరికాలో నర్సుల మీద ఏళ్ల తరబడి సాగిన పెద్ద అధ్యయనంలోని వివరాలను 2014లో విశ్లేషించినప్పుడు, శరీర బరువును లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు పలచబడిపోయింది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదు, ఇందాక చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-6ని అదీ తయారుచేస్తుంది. అంటే కంచంలో ఏముందో పట్టించుకునేవాళ్లు నడుము కొలత కూడా పట్టించుకోవాలి.

ఇప్పుడు ప్లాంట్ మీట్‌కి వద్దాం. దీనిమీద ఎక్కువగా చెప్పుకునే పరిశోధన స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం చేసి, 2020లో ప్రచురించింది. 36 మంది 8 వారాలు మాంసం, 8 వారాలు ప్లాంట్ మీట్ తిన్నారు. ఎవరు ముందు ఏది తినాలో చీటీ వేసినట్టు నిర్ణయించారు. ప్లాంట్ మీట్ తిన్న వారాల్లో టీఎంఏఓ తగ్గింది, చెడు కొలెస్ట్రాల్ తగ్గింది, బరువు కూడా ఒక కిలో దాకా తగ్గింది. డబ్బు పెట్టింది బియాండ్ మీట్ కంపెనీ, అది కూడా తెలుసుకుని చదవాలి. అదే పరిశోధన నుంచి తర్వాత ఇన్‌ఫ్లమేషన్ గుర్తుల లెక్క విడిగా తీసి 2022లో వేశారు. అక్కడ రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు! పెరగలేదు, అలాగని తగ్గనూ లేదు. సింగపూర్‌లో 8 వారాలు నడిచి 2024లో వచ్చిన ఇంకో పరిశోధనలోనూ మాంసం కంటే ప్లాంట్ మీట్ గుండెకీ షుగర్‌కీ స్పష్టంగా మేలు చేసినట్టు కనబడలేదు.

ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదనే అంటాను. చాలా రకాల్లో ఉండేది సోయా నుంచో బఠాణీ నుంచో విడదీసిన ప్రోటీన్, నూనె (అది కొబ్బరినూనె అయితే అందులోనూ సాచురేటెడ్ కొవ్వే, అంటే చెడు కొలెస్ట్రాల్ పెంచే రకం), ఉప్పు, ముద్ద విడిపోకుండా పట్టి ఉంచే పదార్థాలు. మాంసంలో అసలు లేని పీచు దీంట్లో కొంత ఉంటుంది, అది మేలే. కానీ మొక్క నుంచి వచ్చింది కదా అని పప్పుతో సమానం అనుకుంటే పొరపాటు. లేబుల్ తిప్పి ఉప్పు, సాచురేటెడ్ కొవ్వు, పీచు, ఈ మూడు అంకెలు చూడండి. ఒక్కో బ్రాండ్‌కీ ఎంత తేడా ఉంటుందో మీకే అర్థమవుతుంది.

పప్పులు, గింజలు, కూరగాయల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 2018లో అమెరికాలో 100 మంది గుండె రోగులతో చేసిన పరిశోధనలో, సగం మందికి 8 వారాలు పూర్తి వీగన్ భోజనం (మాంసం, గుడ్లు, పాలు ఏవీ లేనిది), మిగతావాళ్లకి అక్కడి గుండె వైద్యులు మామూలుగా సూచించే భోజనం ఇచ్చారు. వాళ్లతో పోలిస్తే వీగన్ గ్రూపులో సీఆర్‌పీ 32 శాతం తక్కువగా ఉంది. అంతకుముందే 2003లో కెనడాలో డేవిడ్ జెంకిన్స్ బృందం సోయా ప్రోటీన్, బాదం, ఓట్స్ లాంటి జిగురు పీచు, ప్లాంట్ స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే, కొలెస్ట్రాల్‌ని పోలిన పదార్థాలు) కలిపి నెల రోజులు తినిపిస్తే సీఆర్‌పీ 28 శాతం తగ్గింది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 33 శాతం. తిండికీ మందుకీ మధ్య అంత తక్కువ తేడా రావడం నాకు చాలా పెద్ద విషయం అనిపిస్తుంది.

కారణాల్లో ఒకటి పీచు. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది, పెద్దపేగు గోడలోని కణాలకి ప్రధాన ఆహారం అదే, రోగనిరోధక కణాలు అదుపు తప్పకుండా చూసే పనిలోనూ దానికి పాత్ర ఉంది. అయితే పీచు పెంచిన వెంటనే అందరిలో ఒకేలా ఫలితం రాదు. స్టాన్‌ఫోర్డ్‌లోనే 2021లో వచ్చిన పరిశోధనలో పెరుగు, కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం), కిమ్చి (కొరియావాళ్ల పులిసిన కూరగాయలు) లాంటి పులిసిన ఆహారం 10 వారాలు తిన్నవాళ్లలో 19 రకాల ఇన్‌ఫ్లమేషన్ ప్రోటీన్లు తగ్గాయి. పీచు పెంచిన గ్రూపులో మాత్రం మనిషిని బట్టి ఫలితం మారింది. కాబట్టి పీచు నెమ్మదిగా పెంచండి, శరీరానికి టైమ్ ఇవ్వండి.

కూర్చునే ముందు రెండు జాగ్రత్తలు చెప్పాలి. మాంసం, గుడ్లు, పాలు పూర్తిగా మానేసేవాళ్లు బి12 తప్పనిసరిగా వేరేగా తీసుకోవాలి, మొక్కల్లో అది నమ్మదగినంత దొరకదు, లోపిస్తే నరాలు దెబ్బతింటాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లలో ఇన్‌ఫ్లమేషన్ తెచ్చే జబ్బు) లాంటి జబ్బులున్నవాళ్లు తిండి మార్చుకోండి, మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని మందులు ఆపొద్దు. కీళ్లు ఒకసారి పాడైతే మళ్లీ మామూలుగా అవ్వవు, డాక్టర్‌తో మాట్లాడకుండా ఒక్క మాత్ర కూడా తగ్గించకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.