పక్క రాష్ట్రం పిల్లలు ఎందుకు రారు?

అందరికీ నమస్కారం.

అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసులో పన్నెండేళ్లు పనిచేశాను. దాని పేరు చెప్పను. చెప్పినా మీలో సగం మంది "అదెక్కడండీ?" అంటారు. వేరే రాష్ట్రాల పిల్లల్ని రప్పించడంలో మా కష్టమంతా ఆ ప్రశ్నతోనే మొదలయ్యేది.

కాలేజీలు తమ గురించి పిల్లలకు చెప్పుకునే కాలేజ్ ఫెయిర్లు మీరు చూసే ఉంటారు. హైస్కూల్ జిమ్‌లో వరసగా టేబుళ్లు, ఒక్కో దాని మీద ఒక్కో రంగు గుడ్డ, బ్రోషర్లు, ఊరికే ఇచ్చే పెన్నులు. మా రాష్ట్రంలో టేబుల్ వేస్తే పిల్లలు వాళ్లే వచ్చి మాట్లాడేవాళ్లు. ఎవరి అన్నో అత్తో మా దగ్గర చదివి ఉండేవాళ్లు. అదే టేబుల్ మూడు రాష్ట్రాల అవతల వేస్తే ఒక సాయంత్రం మొత్తానికి పదకొండు మంది ఆగారు. అందులో నలుగురు పెన్ను కోసం.

ఆ పదకొండు మందిలో ఒక తెలుగావిడ, వాళ్లమ్మాయి ఉన్నారు. నా బ్యాడ్జి మీద పేరు చూసి ఆవిడ తెలుగులోనే అడిగారు. "కంప్యూటర్ సైన్స్‌కి ఏడాదికి ఎంతవుతుందండీ?" చెప్పాను. "మా స్టేట్ యూనివర్సిటీలో ఇందులో మూడో వంతే కదా. అక్కడ లేనిది మీ దగ్గర ఏముంది?" అన్నారు. దానికి జవాబు చెప్పడానికే నాకు జీతం ఇస్తున్నారు. చిన్న క్లాసులు, ప్రొఫెసర్లు పేరు పెట్టి పిలుస్తారు అని ఏదో అన్నాను. ఆవిడ మర్యాదగా బ్రోషర్ తీసుకున్నారు. వెళ్లేటప్పుడు చూస్తే అది జిమ్ గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఫీజు దగ్గర ఆ సామెత పనిచేయదు. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ లెక్క ప్రకారం 2024-25లో నాలుగేళ్ల ప్రభుత్వ యూనివర్సిటీల్లో సొంత రాష్ట్రం పిల్లలకు సగటు ట్యూషన్, ఫీజు 11,610 డాలర్లు. బయటి రాష్ట్రం పిల్లలకు 30,780. హాస్టల్, తిండి దీనికి అదనం. ఈ రెండు రేట్ల వెనుక న్యాయం ఉంది. ఆ యూనివర్సిటీని తరతరాలుగా పోషిస్తున్నది ఆ రాష్ట్రం పన్నులు. 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం కూడా భూములను రాష్ట్రాల చేతికే ఇచ్చింది. వాటిని అమ్మి మీ పిల్లలకు వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పుకోండి అంది. అంటే పుట్టుకతోనే అవి ఇంటివాళ్ల కోసం కట్టిన ఇళ్లు.

2008 మాంద్యం తర్వాత చాలా రాష్ట్రాలు యూనివర్సిటీలకు ఇచ్చే డబ్బు కోసేశాయి. అప్పుడు అందరికీ ఒకటే ఆలోచన వచ్చింది: బయటి పిల్లల్ని తెచ్చుకుందాం, వాళ్లు మూడింతలు కడతారు. మా ఆఫీసులో కూడా ఆ ఏడాదే అమెరికా మ్యాప్ గోడకెక్కింది, దాని మీద రంగురంగుల గుండుసూదులు గుచ్చారు. అయితే మా పోటీ ఎవరితో అనుకున్నామో అక్కడే పొరబడ్డాం. మాలాంటి ఇంకో మామూలు యూనివర్సిటీతో అనుకున్నాం. నిజానికి మా పోటీ ఆ పిల్ల సొంత రాష్ట్రం యూనివర్సిటీతో. మేమిచ్చే డిగ్రీనే అది ఇంటికి రెండు గంటల దూరంలో, మూడో వంతు ఫీజుకి ఇస్తోంది.

పైగా ఆ సొంత రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. జార్జియా 1993లో లాటరీ డబ్బుతో హోప్ స్కాలర్‌షిప్ పెట్టింది. ఫ్లోరిడా 1997లో బ్రైట్ ఫ్యూచర్స్ తెచ్చింది. మార్కులున్న పిల్ల రాష్ట్రంలోనే చదివితే ట్యూషన్‌లో పెద్ద భాగం, ఒక్కోసారి మొత్తం, రాష్ట్రమే చూసుకుంటుంది. గడప దాటితే ఆ డబ్బు పోయినట్టే. జార్జియాలోని అట్లాంటాలో బాగా చదివే పిల్లకు మేం రాసే ఉత్తరానికి ఇంకేం విలువ ఉంటుంది?

రెండో వైపు ప్రైవేట్ కాలేజీలున్నాయి. బోర్డు మీద వాళ్ల ధర మాకన్నా ఎక్కువే, కానీ ఆ ధర కట్టేవాళ్లు తక్కువ. మొదటి ఏడాది పిల్లలకు సగటున సగం పైనే తగ్గిస్తారు. "మీ అమ్మాయికి 28,000 డాలర్ల స్కాలర్‌షిప్" అని ఉత్తరం వస్తే తల్లిదండ్రులకు ఎంత పొంగుగా ఉంటుందో చెప్పండి. మేం 4,000 ఇస్తున్నాం అంటే అవమానించినట్టు ఉండేది. మిగిలే బిల్లు రెండు చోట్లా దాదాపు ఒకటే అయినా సరే.

అప్పు చేద్దామంటే, తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది ఫెడరల్ లోన్, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అప్పు, 5,500 డాలర్లు మించదు. మిగతాది తల్లిదండ్రులే పేరెంట్ ప్లస్ అని తమ పేరు మీద ఇచ్చే ఫెడరల్ లోన్ తీసుకుని పూడ్చేవాళ్లు. 2025లో వచ్చిన చట్టంతో, 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు అది కూడా ఒక్కో పిల్లకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 దగ్గర ఆగిపోతుంది. పెద్ద పేరు లేని యూనివర్సిటీలకు ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇక్కడ మనవాళ్లు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "ఒక ఏడాది అక్కడ అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఇన్-స్టేట్, అంటే సొంత రాష్ట్రం రేటు, అయిపోతుంది కదండీ?" చాలా రాష్ట్రాల్లో అవదు. చదువు కోసం వచ్చినవాళ్లని స్థానికులుగా లెక్కపెట్టరు, తల్లిదండ్రులు ఎక్కడుంటే పిల్ల అక్కడిదే. స్థానికతకు ఏడాది గడువు పెట్టడం తప్పు కాదని 1971లోనే సుప్రీంకోర్టు సమర్థించింది. మిస్సోరీ, యూటా లాంటి కొన్ని చోట్ల కాస్త దారి ఉంది, షరతులతో. అద్దె అగ్రిమెంట్ ఒక్కటే చాలుతుందనుకుని లీజు రాసుకున్న కుటుంబాలను నేను చూశాను. ఆ ఫైలు తిప్పి పంపడమంత ఇబ్బందికరమైన పని ఆ ఆఫీసులో ఇంకోటి లేదు.

మరి కొన్ని యూనివర్సిటీలకు బయటివాళ్లు బారులు తీరుతున్నారు కదా? మిషిగన్ యూనివర్సిటీకి ట్యూషన్ ఏడాదికి 60,000 డాలర్లు దాటినా వెళ్తారు. పేరు అలాంటిది. వెర్మాంట్ యూనివర్సిటీలో ఎక్కువ మంది బయటివాళ్లే. చిన్న రాష్ట్రం, సొంత పిల్లలు తక్కువ, చుట్టూ కొండలు, మంచు, బోస్టన్ మరీ దూరం కాదు. నాకు ఆసక్తిగా అనిపించేది అలబామా యూనివర్సిటీ. 2003లో రాబర్ట్ విట్ అధ్యక్షుడిగా వచ్చాక బయటి రాష్ట్రాల్లో గట్టిగా వెతకడం మొదలుపెట్టారు. మార్కులకు తగ్గ మెరిట్ స్కాలర్‌షిప్ ఎంతో ముందే తెలిసేలా పెట్టారు. 2007లో ఫుట్‌బాల్ కోచ్‌గా నిక్ సేబన్ వచ్చాడు, శనివారం సాయంత్రాలు దేశమంతా టీవీలో ఆ జట్టు ఎరుపు రంగు చూసింది. ఇప్పుడక్కడ స్థానికుల కన్నా బయటివాళ్లే ఎక్కువ. మా దగ్గర ఫుట్‌బాల్ జట్టు ఉంది గానీ, అది ఉందని మా పక్క జిల్లావాళ్లకే తెలీదు.

ఒక జాగ్రత్త. బయటివాళ్లు తక్కువ ఉన్న ప్రతిచోటా వాళ్లు రావడం లేదని కాదు. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో మొదటి ఏడాది సీట్లలో బయటి రాష్ట్రాలకు 18 శాతమే. ఆ గీత 1986 నుంచీ ఉంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో 90 శాతం టెక్సాస్ పిల్లలకే. వాళ్లు తలుపు వేసుకుని కూర్చున్నారు, మేం తలుపు తీసి కూర్చున్నాం. లెక్కల కాగితం మీద ఇద్దరం ఒకలాగే కనిపిస్తాం.

కొందరు రేటు దగ్గరే దిగొచ్చారు. పశ్చిమ రాష్ట్రాలు కలిసి, ఒకరి పిల్లల దగ్గర ఇంకొకరు ఇన్-స్టేట్ రేటుకి ఒకటిన్నర రెట్లు మించి తీసుకోకూడదని ఒప్పందం చేసుకున్నాయి. మెయిన్ (Maine) అనే రాష్ట్రం యూనివర్సిటీ 2016 నుంచి కొన్ని రాష్ట్రాల పిల్లల విషయంలో ఇంకా సూటిగా వెళ్లింది. మార్కులుంటే, మీ రాష్ట్రం ప్రధాన యూనివర్సిటీలో ఎంత కడతారో ఇక్కడా అంతే కట్టండి అంది. ఆ రోజు ఫెయిర్‌లో తెలుగావిడ అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నేను చూడలేదు. మేమూ అలా చేద్దామని మీటింగ్‌లో అన్నాను. ఫైనాన్స్ ఆయన కళ్లజోడు తీసి, "మూడింతలు కడతారని కదా వాళ్లను వెతుకుతున్నాం, తగ్గించాక వెతకడం ఎందుకు?" అన్నాడు. నా దగ్గర దానికీ జవాబు లేకపోయింది.

అమెరికాలో 2007లో పుట్టినంత మంది పిల్లలు ఆ తర్వాత ఏ ఏడాదీ పుట్టలేదు. వాళ్లకు 2025లో పద్దెనిమిది నిండాయి. ఇక ఏటా జిమ్‌లోకి వచ్చే పిల్లలు తగ్గుతారు, టేబుళ్లు మాత్రం అన్నే ఉంటాయి. మొన్న మే నెలలో, కాలేజీ ఎంచుకునే గడువు దాటిన రెండు వారాలకు, మా పాత ఆఫీసు నుంచి మా పక్కింటబ్బాయికి ఫోన్ వచ్చింది, స్కాలర్‌షిప్ పెంచుతాం, ఒక్కసారి ఆలోచించండి అని. వాళ్లమ్మ ఫోన్ చేత్తో మూసి గోడ మీదుగా నన్నే అడిగింది, "ఇదెక్కడుందండీ?" అని.