రెండు రోజుల విదేశం, ఐదుగురి లెక్క

వేదికపైనున్న పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. ఈ మహబూబ్‌నగర్‌లోనే, ఇవే బెంచీల మీద డిగ్రీ చదువుకున్న నన్ను, తక్కువ ఖర్చుతో మిత్రులతో చేసిన విదేశీ ప్రయాణం గురించి మాట్లాడమని పిలిచినందుకు కృతజ్ఞతలు.

పాలమూరు మనిషికి ఊరు దాటడం కొత్త కాదు. మేస్త్రీ చేతి అడ్వాన్సు తీసుకుని ప్రాజెక్టుల కట్టల మీదికి, బొంబాయి బస్సెక్కి భవన నిర్మాణానికి తరతరాలుగా వెళ్ళినవాళ్ళ బిడ్డలం మనం. చూడడానికే ఊరు దాటడం మాత్రం మన ఇళ్ళలో ఇప్పుడిప్పుడే మొదలైంది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక, జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే చాలు, హైదరాబాదు నడిబొడ్డు కంటే ముందు విమానమే వస్తుంది. 2023 డిసెంబరు 1 నుంచి మలేషియా మన పాస్‌పోర్టుకు 30 రోజుల వరకు వీసా అక్కరలేదన్నది. ఇటువంటి సడలింపులు గడువుతో కూడినవి గనుక, టికెట్ కొనే రోజున మళ్ళీ సరిచూసుకోవాలి. ఈ రెండూ కలిసి వచ్చాక, 2024 చివరలో ఒక శుక్రవారం రాత్రి బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగివచ్చేలా మేము ఐదుగురం కౌలాలంపూర్ వెళ్ళాం.

అసలు కష్టం విమానం దగ్గర కాదు, మా వాట్సాప్ గుంపులో వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు, మందుల కంపెనీలో షిఫ్టు చేసేవారు ఒకరు, మొబైల్ దుకాణం నడిపేవారు ఒకరు, ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవారు ఒకరు, నేను. తేదీ పెట్టిన ప్రతిసారీ లెక్కల మాస్టారు "లీవు దొరకదు" అనేవాడు. శని, ఆదివారాలకు లీవేమిటని మేము నవ్వాం కానీ, అడ్డు వచ్చింది లీవు కాదు, డబ్బు అని అర్థం చేసుకోవడానికి మాకు మూడు నెలలు పట్టింది. ఆ తరువాత లెక్కను తలకిందులు చేశాం. ముందు ఊరు ఎంచుకుని ఖర్చు వేయడం మాని, మాస్టారు ఎంత పెట్టగలడో అడిగి, ఆ మొత్తానికి ఏ ఊరు వస్తుందో చూశాం. నెలకు 2,700 రూపాయల చొప్పున 10 నెలలు, పాట లేని చిట్టిలాగా, ఒకరి ఖాతాలో వేసుకుంటూ పోయాం. మనిషికి 27,000. ఎక్కువ సంపాదించేవాడు మిగతావాళ్ళ వాటా తాను పెడతాననడం మాకు ఒక దశలో గొప్పగా తోచింది, కానీ పెట్టించుకున్నవాడు ప్రయాణమంతా చేయి వెనక్కి లాక్కుంటూ తిరగవలసి వస్తుంది కాబట్టి దాన్ని ఒప్పుకోలేదు.

ఇక టికెట్ సంగతి. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. టికెట్ పత్రం అడిగేది మొదటి పేరు, చివరి పేరు. మా దుకాణం మిత్రుడు ఇంటిపేరే కదా మొదట వచ్చేదని మొదటి గడిలో దాన్నే రాశాడు, దిద్దించుకోవడానికి రుసుము కట్టాడు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో టికెట్‌లోనూ అదే ఉండాలి. ఆ పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలలకు మించిన గడువు ఉండాలి. చవక టికెట్‌లో సంచి బరువు 7 కిలోలే. ఇంట్లో తూచిన త్రాసును నమ్మి వచ్చిన ఒక మిత్రుడి సంచి గేటు దగ్గర 9 కిలోలు తూగింది. సకినాలు అందరికీ పంచి, రెండు చొక్కాలు ఒకదానిపై ఒకటి తొడుక్కుని గట్టెక్కాడు.

దిగడానికి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపవలసిన రాక పత్రం ఉచితం. దానికి డబ్బు అడిగే సైటు ఏదైనా అసలుది కాదు. హోటల్లో విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను విడిగా కట్టాలి. రింగిట్ అప్పుడు సుమారు 19 రూపాయలు. కార్డు గీసినప్పుడు రూపాయల్లోనా, రింగిట్లలోనా అని యంత్రం అడిగితే రింగిట్లే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం ధర వాళ్ళు నిర్ణయించినదే అవుతుంది. విమానాశ్రయం నగరానికి 50 కిలోమీటర్ల దూరం. 28 నిమిషాల్లో చేర్చే రైలుకు 55 రింగిట్లు, బస్సుకు అందులో మూడో వంతు కూడా లేదు. వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు రైలు ఎక్కాం. తిరుగు విమానం తప్పితే మిగిల్చినదంతా పోతుందని మాస్టారే రైలు ఎక్కించాడు.

చూసినవాటిలో ఎక్కువ భాగానికి టికెట్టే లేదు. కౌలాలంపూర్ అంటే బురద సంగమమని అర్థం. క్లాంగ్, గోంబాక్ నదులు కలిసే ఆ చోటికి 1857లో తగరం తవ్వేందుకు కూలీలు వచ్చారు, ఊరు అట్లా మొదలైంది. సంగమంలోనే 1909 నాటి జామెక్ మసీదు ఉన్నది. కృష్ణా తుంగభద్రలు కలిసే ఆలంపురం వైపు తిరిగిన మాకు ఆ రెండు నదులు కాలువల్లాగా కనిపించాయన్నది నిజం, అయినా అక్కడి నుంచి కదలడానికి గంట పట్టింది. 452 మీటర్ల పెట్రోనాస్ జంట గోపురాలు పైకెక్కడానికి టికెట్ ఉంది, కింద ఉద్యానవనంలో కూర్చుని చూడడానికి లేదు. సాఫ్ట్‌వేర్ మిత్రుడు ఎక్కాలన్నాడు, నలుగురం వద్దన్నాం, అతడు ఒక పూట మాట్లాడలేదు.

ఆదివారం ఉదయం బాటు గుహలకు లోకల్ రైల్లో వెళ్ళాం. 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం పక్కనుంచి 272 మెట్లు. మా మాటలు విని ఒక ముసలాయన "తెలుగోళ్ళా బాబూ?" అని ఆపారు. ఆయన ముత్తాత రబ్బరు తోటల్లో కూలికి విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. పాలమూరు ఎక్కడని అడిగితే కృష్ణ ఒడ్డున అన్నాం. "నీళ్ళున్న ఊరు వదిలి ఇంత దూరం ఏం పనికొచ్చారు?" అన్నారు. పనికి కాదు, చూడడానికి వచ్చామని మాస్టారు చెబితే, ఆయన మా ఐదుగురినీ ఒక్కొక్కరినే తేరిపార చూసి, ఎన్ని రోజులకని అడిగారు. రెండు రోజులకే అన్నాం.

మనిషికి 27,000లో చివరికి 340 రూపాయలు మిగిలాయి. శంషాబాద్‌లో దిగి, షాద్‌నగర్‌లో చాయ తాగడానికి అవి సరిపోయాయి. సోమవారం మొదటి పీరియడ్‌కు మాస్టారు బడిలో ఉన్నాడు. ఖర్చు రాసిన నోటుబుక్కు నా దగ్గరే ఉంది, సభ తరువాత చూడదలచినవారు అడగవచ్చు.