ఇంట్లో పాడిన పాట స్టూడియోకి పంపే ముందు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది పడగ్గదిలో మైకు పెట్టుకుని, పాడి రికార్డ్ చేసుకునేవాళ్లే. ఆ ఫైళ్లు చివరికి అన్నిటినీ కలిపి పాటగా తీర్చిదిద్దే నాలాంటి మిక్సింగ్ వాళ్ల దగ్గరికి వస్తాయి. అవి ఎలా వస్తే మీ పాట బాగుపడుతుందో చెబుదామని వచ్చాను.

ఒకసారి ఒక అమ్మాయి పాట పంపింది. లీడ్, అంటే ప్రధాన గొంతు ఒకటి, కోరస్ ముక్కలు పదకొండు. గొంతు చాలా బాగుంది. కానీ ప్రతి ఫైలూ ఆమె నోరు తెరిచిన చోటే మొదలైంది. ఏ ముక్క పాటలో ఎక్కడ రావాలో తెలిసే దారి లేదు. సాయంత్రమంతా వాటికి చోటు వెతకడంతోనే సరిపోయింది. అందుకే ముందుగా అడిగేది ఇదే: కోరస్ రెండో నిమిషంలో వచ్చినా సరే, ఆ ఫైలు పాట మొదటి క్షణం నుంచే మొదలవ్వాలి. ముందున్నదంతా నిశ్శబ్దమైనా ఫర్వాలేదు. అప్పుడు క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసింది ప్రో టూల్స్ అనే ఇంకోదానిలో వేసినా దేని చోట అది కూర్చుంటుంది.

ఫైళ్లు వేవ్ (WAV) ఫార్మాట్‌లో, 24 బిట్‌లో ఇవ్వండి. ఎంపీ3లో పోయిన నాదం మళ్లీ వేవ్‌గా మార్చినా తిరిగి రాదు. శాంపిల్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి దాచుకుంటారో ఆ లెక్క, దేనిలో రికార్డ్ చేశారో దానిలోనే ఉంచి, ఎంతో రాసి పంపండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో పాడినదాన్ని పొరపాటున 48 అనుకుని ప్లే చేస్తే పాట వేగం పెరగడమే కాదు, ఒకటిన్నర శృతిలో పాడింది రెండుకీ రెండున్నరకీ మధ్య ఎక్కడో వినిపిస్తుంది. తంబురాతో కలవదు.

లెవెల్ గురించి టెన్షన్ వద్దు. గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు. 24 బిట్‌లో తక్కువగా ఉన్నదాన్ని మేం హాయిగా పెంచుకుంటాం. ఎర్ర గీత దాటి పగిలిన స్వరాన్ని మాత్రం సరిగ్గా అతకలేం.

ఇక నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. రివర్బ్ (హాల్లో పాడినట్టుండే ప్రతిధ్వని), కంప్రెషన్ (హెచ్చుతగ్గుల్ని దగ్గర చేయడం), ట్యూనింగ్ (స్వరాల్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడం) అన్నీ వేసిన గొంతు ఒక్కటే పంపకండి. ముఖ్యంగా ట్యూనింగ్. ఆ సాఫ్ట్‌వేర్‌కి గమకం తెలియదు. స్వరం చుట్టూ ఊగే ఆ కదలికను తప్పు అనుకుని తిన్నగా లాగేస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేసి తెచ్చుకున్న కంపితం ఒక్క నొక్కుతో చదునైపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఏమీ చేయని గొంతు ఇవ్వండి. దాంతోపాటు మీకు నచ్చినట్టు రివర్బ్ అవీ వేసుకున్న రఫ్ మిక్స్ కూడా విడిగా ఇవ్వండి. మీ మనసులో పాట ఎలా మోగుతోందో నాకు తెలిసేది దానివల్లే. గిటార్‌కైతే ఎఫెక్టుతో ఒకటి, ఎఫెక్టు లేకుండా ఒకటి.

శబ్దం తీసేసే ప్లగిన్లు కూడా వాడకండి. వాటితో హోరు పోతుంది, గొంతులో గాలి కూడా పోతుంది. మే నెలలో ఫ్యాన్ ఆపి పాడటం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఆ నాలుగు నిమిషాలు ఆపండి. పాడే ముందు ఓ పది సెకన్లు ఊరికే కూర్చుని గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. హోరు ఎలాంటిదో ఆ పది సెకన్లు నాకు చెబుతాయి. ఊపిరి పీల్చిన చోట్లు కత్తిరించకండి. ముక్కలు అతికిన చోట టిక్కుమనకుండా చిన్న క్రాస్‌ఫేడ్ ఇవ్వండి, అంటే ఒక ముక్క తగ్గుతుండగా ఇంకోటి పెరిగేలా కలపండి. ఒకే మైకుతో పాడిన గొంతుకి మోనో, అంటే ఒకే చానెల్, చాలు.

ఫైలు పేరు 'ఫైనల్ కొత్తది 2' అని కాకుండా 'లీడ్ గొంతు', 'కోరస్ పైస్థాయి' అని ఉంటే చాలు. టెంపో, శృతి ఒక కాగితంలో రాయండి. అన్నీ ఒక జిప్‌లో పెట్టి డ్రైవ్ లింకు ఇవ్వండి.

పంపే ముందు కొత్త ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి, ఫైళ్లన్నీ సున్నా దగ్గర పడేసి, మొదటి నుంచి చివరిదాకా హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఏదీ జరపకుండానే మీ పాట మీకు వినిపిస్తే పంపేయొచ్చు. లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, మీ ఫైళ్లు ఇక్కడే తెరిచి చూద్దాం.