అడ్జెక్టివ్ పక్కన ఏ ప్రిపొజిషన్ రాయాలి?

[తెర మీద: "షి ఈజ్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్"]

ఇందులో తప్పెక్కడుందో చూశారా? "విత్" దగ్గర. డాక్టర్‌తో పెళ్లయిందని తెలుగులో అనుకుంటాం, ఆ "తో"ని "విత్" చేసేస్తాం. అక్కడ "మ్యారీడ్ టు" రావాలి. "మ్యారీడ్ విత్ టూ కిడ్స్" మాత్రం ఒప్పే! పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు అని అర్థం.

"నాకంటే సీనియర్" అన్నప్పుడూ ఇదే తంటా. "కంటే" అనగానే "దాన్" రాయాలనిపిస్తుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ లాటిన్ నుంచి వచ్చాయి. పోలిక ఆ మాటల్లోనే ఉంది. వీటి తర్వాత "టు" రాయాలి.

[తెర మీద: గుడ్ ఎట్, గుడ్ ఫర్, గుడ్ టు]

అసలు గమ్మత్తు ఇక్కడుంది. అడ్జెక్టివ్ అదే, ప్రిపొజిషన్ మారితే అర్థం మారిపోతుంది. "గుడ్ ఎట్ మ్యాథ్స్" అంటే లెక్కల్లో దిట్ట. "గుడ్ ఫర్ ద హార్ట్" అంటే గుండెకి మంచిది. "గుడ్ టు హర్ పేరెంట్స్" అంటే అమ్మానాన్నల్ని బాగా చూసుకుంటుందని. "టైర్డ్ ఫ్రమ్ ద వర్క్" అంటే పని చేసి అలసిపోయాను. "టైర్డ్ ఆఫ్ ద వర్క్" అంటే ఈ పనంటేనే విసుగొచ్చేసింది. సెలవు కోసం మేనేజర్‌కి రాసే మెయిల్‌లో ఈ రెండోది పడితే ఇక చెప్పేదేముంది! అలాగే "రెస్పాన్సిబుల్ ఫర్ ద టీమ్" అంటే టీమ్ బాధ్యత నాది. "రెస్పాన్సిబుల్ టు ద టీమ్" అంటే టీమ్‌కి నేను జవాబు చెప్పుకోవాలి.

"డిఫరెంట్" గురించి గొడవలెక్కువ. బ్రిటన్‌లో "టు", అమెరికాలో "దాన్" కూడా వాడతారు. "ఫ్రమ్" అయితే రెండు చోట్లా చెల్లుతుంది, అదే రాసేయండి.

[తెర మీద: "ఫెమిలియర్ అండ్ ఇంట్రెస్టెడ్ ఇన్ కోడింగ్"]

మాట్లాడేటప్పుడు ఇది ఎవరికీ తగలదు, రాస్తే దొరికిపోతుంది. "ఫెమిలియర్"కి "ఇన్" సరిపడదు. దేనిది దానికి ఇవ్వాలి: "ఫెమిలియర్ విత్ అండ్ ఇంట్రెస్టెడ్ ఇన్ కోడింగ్".

"అకస్టమ్డ్ టు" (అంటే అలవాటు పడ్డ) తర్వాత "వర్క్" అని రాసేవాళ్లు చాలామంది. ఆ "టు" ప్రిపొజిషనే కాబట్టి "వర్కింగ్" రాయాలి.

అనుమానమొస్తే డిక్షనరీలో అర్థం దగ్గరే ఆగకండి, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం చదవండి. అదీ సరిగ్గా మీరు రాస్తున్న రూపం దగ్గరే. ఎందుకంటే "ప్రౌడ్" తర్వాత "ఆఫ్" వస్తుంది, "టేక్ ప్రైడ్" అంటే మాత్రం "ఇన్" కావాలి.