ట్యాంకులో ఆ చివరి 250 లీటర్లు

[స్క్రీన్ మీద: ఫైరింజన్ నీటి గేజు. మట్టం మెల్లగా దిగుతూ ఉంటుంది.]

ఎదురుగా అడవి భగ్గున మండుతోంది. ట్రక్కులో ఇంకా 250 లీటర్ల నీళ్లున్నాయి. కానీ అందులో ఒక్క బొట్టు కూడా ఆ మంట మీద కొట్టరు. ట్రక్కు వెనక్కి తిప్పి నీళ్లు నింపుకోడానికి వెళ్లిపోతారు. అక్కడ అది రూలు.

అక్కడ అంటే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. మెల్‌బోర్న్ ఉన్నది ఆ రాష్ట్రంలోనే. పల్లెల్లో మంటలార్పే సంస్థ పేరు కంట్రీ ఫైర్ అథారిటీ, అందరూ సీఎఫ్ఏ అంటారు. దాదాపు 1,200 బ్రిగేడ్లు, అంటే ఊళ్లవారీ దళాలు, 50 వేలకు పైగా వాలంటీర్లు. రైతు, టీచరు, మెకానిక్, నర్సు, ఎవరైనా కావచ్చు. పేజర్ మోగితే చేతిలో పని అక్కడే వదిలేసి స్టేషన్‌కి పరుగు. జీతం లేదు. తమ బ్రిగేడ్‌కి కెప్టెన్ ఎవరో కూడా వాళ్లే ఓట్లేసి ఎన్నుకుంటారు.

[పాత నలుపు తెలుపు ఫొటోలు]

మొదట్లో ట్రక్కులు ఎక్కడివి? పొలంలో మంట లేస్తే చుట్టుపక్కల రైతులు తడి గోనెసంచులు, పచ్చి కొమ్మలు పట్టుకుని పోయి బాదేవాళ్లు. మన ఊళ్లో గడ్డివాము అంటుకుంటే జనం బిందెలతో ఉరికినట్టే. 1890లో ఒక చట్టం వచ్చింది. దాంతో మెల్‌బోర్న్‌కి ఒక ఫైర్ బోర్డు, మిగతా పట్టణాలకి ఇంకో బోర్డు ఏర్పడ్డాయి. అడవి చూసుకోడానికి అటవీ శాఖ ఉంది. మధ్యలో ఉన్న పొలాలు, చిన్న ఊళ్లు మాత్రం ఎవరి బ్రిగేడ్ వాళ్లదే, ఎవరి పద్ధతి వాళ్లదే. మంటకి ఈ సరిహద్దులేం తెలుసు?

1939 జనవరి 13, శుక్రవారం. అక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం. ఆ సీజన్ మంటల్లో 71 మంది చనిపోయారు, దాదాపు 20 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. పోయిన వాళ్లలో చాలామంది అడవి లోపల రంపపు మిల్లుల్లో పనిచేసే కూలీలు, వాళ్ల కుటుంబాలు. విచారణ జరిపిన జడ్జి లియోనార్డ్ స్ట్రెటన్, ఈ మంటలు మనిషి చేత్తో రాజేసినవేనని మొహమాటం లేకుండా రాశాడు. పల్లెలన్నిటికీ కలిపి ఒకే అగ్నిమాపక సంస్థ ఉండాలన్నాడు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, ఆ రిపోర్టు పక్కన పడింది. 1944లో మళ్లీ పెద్ద మంటలు. మళ్లీ అదే జడ్జి, మళ్లీ విచారణ. అప్పుడు కదిలారు. 1945 ఏప్రిల్ 2న సీఎఫ్ఏ పని మొదలుపెట్టింది. ఒక్క సిఫార్సు అమలు కావడానికి ఒకే జడ్జి రెండు విచారణలు చేయాల్సి రావడం నాకైతే చాలా తెలిసిన కథలాగే అనిపించింది!

యుద్ధం అయిపోయాక సైన్యం వదిలేసిన ట్రక్కులు చవగ్గా దొరికాయి. వాటి వెనక ట్యాంకు, పంపు బిగించుకుని బ్రిగేడ్లు పెరిగాయి. తర్వాత రేడియోలు, పేజర్లు వచ్చాయి. ఆడవాళ్లు చాలాకాలం శాండ్‌విచ్‌లు చేయడానికీ ఫోన్లు ఎత్తడానికీ పరిమితమయ్యారు. ఇప్పుడు ట్రక్కు తోలుతున్నారు, కెప్టెన్లూ అవుతున్నారు.

[యానిమేషన్: పైనుంచి చూస్తే పొడవాటి, సన్నటి మంట]

ఇప్పుడు అసలు విషయం. ఇది అర్థం కావడానికి నేను కాగితం మీద బాణాలు గీసుకోవాల్సి వచ్చింది, మీరూ కాస్త ఓపిక పట్టండి. విక్టోరియాలో వేడిగాలి ఉత్తరం నుంచి వీస్తుంది. మంట దక్షిణం వైపు పాములా సాగుతుంది. తల సన్నగా, పక్కలు పొడుగ్గా ఉంటాయి. తల ముందు నిలబడటం చావే కాబట్టి పక్కల్లో పనిచేస్తారు. అక్కడ మంట కాస్త నెమ్మది. అంతలో నైరుతి నుంచి చల్లగాలి తోసుకొస్తుంది. ఒళ్లు చల్లబడుతుంది, హాయిగా ఉంటుంది. కానీ ఆ గాలికి మంట తూర్పు పక్క మొత్తం ఒక్కసారిగా తలగా మారిపోతుంది. 10 కిలోమీటర్ల పొడవున్న పక్క అనుకోండి, ఇప్పుడు 10 కిలోమీటర్ల వెడల్పున్న మంట మీద పడుతుంది.

1983 ఫిబ్రవరి 16న అదే జరిగింది. అప్పర్ బీకన్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో రెండు బ్రిగేడ్ల వాలంటీర్లు 12 మంది ఆ గాలి మార్పుకి చిక్కి చనిపోయారు.

మళ్లీ 1998 డిసెంబర్ 2. బల్లారట్ నగరం దగ్గర లింటన్ అనే చిన్న ఊరు. సాయానికి జీలాంగ్ అనే ఇంకో నగరం నుంచి ట్రక్కులు వెళ్లాయి. అడవి దారిలో ఉండగా గాలి తిరిగింది. జీలాంగ్ వెస్ట్ బ్రిగేడ్ ట్రక్కును మంట కమ్మేసింది. అయిదుగురూ పోయారు. దగ్గరలోనే ఉన్న మరో ట్రక్కు సిబ్బంది బతికి బయటపడ్డారు.

కరోనర్, అంటే ఇలాంటి మరణాల మీద విచారణ జరిపే అధికారి, ఇచ్చిన నివేదిక 2002లో వచ్చింది. 250 లీటర్ల రూలు వెనక ఉన్నది లింటనే. సీఎఫ్ఏలో 3.4 అని పిలిచే ట్రక్కులో 3,000 లీటర్లు పడతాయి, 4 అంటే ఫోర్ వీల్ డ్రైవ్. అందులో చివరి నీళ్లు మంట కోసం కాదు, లోపలున్న మనుషుల కోసం. మంట మీదికొస్తే ట్రక్కు చుట్టూ నీటి తెర చిమ్మడానికి నాజిల్స్, కిటికీలకి వేడిని ఆపే తెరలు, సీట్ల దగ్గర ఉన్ని దుప్పట్లు. కనీస శిక్షణ లేకుండా ఎవర్నీ మంటల దగ్గరికి పంపకూడదనే పట్టింపు కూడా అప్పుడే గట్టిపడింది.

[స్క్రీన్ మీద: 2009 ఫిబ్రవరి 7. మెల్‌బోర్న్ 46.4 డిగ్రీలు]

ఆ ఒక్కరోజు మంటలు 173 మందిని బలి తీసుకున్నాయి. మేరీస్‌విల్ ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఇల్లు కాపాడుకోడానికి ఆగిపోవచ్చు అనే పాత సలహా మారింది. అతి ప్రమాదకరమైన రోజున ముందే ఊరు వదలమంటారు ఇప్పుడు.

2016లో గొడవ వేరే రకం. సీఎఫ్ఏలో వాలంటీర్లతో పాటు జీతం తీసుకునే సిబ్బంది కూడా ఉండేవాళ్లు, వాళ్ల ఒప్పందం మీద పెద్ద రగడ. మంత్రి రాజీనామా చేశారు, సీఎఫ్ఏ బోర్డునే తీసేశారు. చివరికి 2020 జులై 1న జీతాల సిబ్బంది ఫైర్ రెస్క్యూ విక్టోరియా అనే కొత్త సంస్థలోకి వెళ్లారు. సీఎఫ్ఏ మళ్లీ వాలంటీర్ల సంస్థ అయింది.

ఇబ్బంది ఎక్కడంటే, పల్లె కుర్రాళ్లు చదువులకీ ఉద్యోగాలకీ సిటీకి పోతున్నారు. మంగళవారం మధ్యాహ్నం సైరన్ మోగితే ఊళ్లో ఉండేదెవరు? ఇంకో పక్క, సిటీ పొలాల్లోకి పాకుతోంది. మెల్‌బోర్న్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామందికి వెనక ఫెన్స్ దాటితే ఎండుగడ్డే. మంటల హెచ్చరికలు పంపే విక్ ఎమర్జెన్సీ యాప్ ఫోన్లో లేకపోతే ముందు అది పెట్టుకోండి. చేరాలనుకుంటే దగ్గర్లోని బ్రిగేడ్‌కి వెళ్లి అడగొచ్చు. మంట దగ్గరికి వెళ్లే పనే కానక్కర్లేదు, రేడియో చూసుకునేవాళ్లూ లెక్కలు రాసేవాళ్లూ కూడా కావాలి.

[స్క్రీన్ మీద: స్టేషన్ ముందు ఆపిన ట్రక్కు. కిటికీ తెరలు టపటపా కిందికి దిగుతాయి.]

మంటలకి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఏటా ఒక డ్రిల్ చేసి తీరాలి. మంట ట్రక్కు మీదికి వచ్చేసిందనుకుని తెరలు దించి, నీళ్లు తిప్పి, దుప్పటి కప్పుకుని కిందికి వంగాలి. ముప్పై ఏళ్లుగా ఉన్న కెప్టెన్ కూడా ఆ దుప్పటి కింద దూరాల్సిందే.